వేలికి అద్దిన కారం

దబ్బనం నా ఎడమ చేతి చూపుడు వేల్లో దిగినప్పుడు నాకు ముందు వచ్చింది కోపం. మిరపకాయలు తొక్కి నింపిన గోతాన్ని మా వైపు టిక్కీ అంటారు. దాని మూతి రెండు చేతులతో దగ్గరకి నొక్కి పట్టుకునేది నేను, అవతలి పక్క నుంచి పురికొసతో కుట్టేది కోటేశ్వరక్క. అంతకు ముందు కుట్టుకే ఆవిడ తన అరచేతిలో పొడుచుకుంది. నెత్తురొస్తే చీరకి తుడుచుకుని మళ్లీ పొడిచింది. ఆ పోటు గోతం దాటి నా వేలి దాకా వచ్చింది.

"కళ్లు ఎక్కడ పెట్టుకుని కుడుతున్నావక్కా?" అన్నాను.

నాకు నోటి దురుసు ఎక్కువని కళ్లంలో అందరికీ తెలుసు. నేను ఒక మాటంటే కోటేశ్వరక్క నవ్వుతూ రెండు మాటలు అంటించేది. ఆ రోజు ఏమీ అనలేదు. దబ్బనం వంక చూసింది, నా వేలి వంక చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మోటారు కాడికి రా" అంది.

కోటేశ్వరక్క మా ఆయన చైతన్యకృష్ణకి పెదనాన్న కూతురు. నాకు వదిన వరస, ఆయన పిలిచినట్టే నేనూ అక్కా అంటాను. నలభై దాటిన మనిషి. మొగుడు పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లల్లేరు. ఎకరంన్నర మిరప ఒంటి చేత్తో చేసుకుంటుంది. మా వీధి ఆడవాళ్లం ఒకళ్ల కళ్లానికి ఒకళ్లం బదులు పనికి వెళ్తాం. ఈ రోజు మా కాయలు గ్రేడు చేయడానికి ఆవిడ వస్తే, రేపు ఆవిడ కాయలకి మేం వెళ్లాలి. కూలీ మనుషులు దొరకని రోజుల్లో మిరప గట్టెక్కేది ఈ బదుళ్ల మీదే.

మోటారు దగ్గర సబ్బు ముక్క నా ముందు పెట్టి తను నాలుగడుగులు దూరంగా నిలబడింది. "సబ్బుతో కడుక్కో. నలపమాక, పిండమాక. ఊరికే నీళ్లు పోనీ" అంది. దబ్బనం గుచ్చుకుంటే ఇంత తతంగం ఎందుకని నాకు నవ్వొచ్చింది. కళ్లంలో దిగిన ప్రతి ఆడదాని వేలికీ రెండు మూడు పోట్లు ఉంటాయి. నోట్లో పెట్టుకుని చీకి పని చేసుకుపోతాం.

"నాకు హెచ్ఐవీ ఉంది రచనా" అంది కోటేశ్వరక్క. "మీ అన్నయ్య ఇచ్చిపోయాడు. తొమ్మిదేళ్ల నుంచి మందులు మింగుతున్నా. ఒక్క పూట కూడా తప్పలేదు. నెత్తురులో క్రిమి కనపడనంత తగ్గిందని డాక్టర్లు కాయితం ఇచ్చారు. నీకేం కాదు. అయినా రేపు పొద్దున్నే ఒంగోలు పోదాం. మూడు రోజుల్లోపే మందు మొదలెట్టాలంట. ఎంత ముందైతే అంత మంచిదంట."

నా చెయ్యి ఇంకా పంపు కిందే ఉంది. నీళ్లు ఎర్రగా పోవడం ఎప్పుడో ఆగిపోయింది. నేను తియ్యలేదు.

"గుంటూరులో కూడా ఇస్తారు మందు" అంది మళ్లీ. "మిర్చి యార్డుకి కాయలేసుకొచ్చే మనూరోళ్లు ఎవరో ఒకరు ఎదురుపడతారని నేను ఒంగోలు పోతా. ఈ సంగతి మా అమ్మకి కూడా తెలియకుండానే పోయింది. నీకు చెప్పకపోయినా నన్నెవరూ అడగరు. నీకు చంటిపిల్ల ఉంది. పాలు తాగే పిల్ల. అందుకని చెప్తున్నా. ఎవరికీ చెప్పమాక."

"చెప్పను" అన్నాను. ఒట్టు కూడా వేశాను. తరవాత ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఆవిణ్ణి మనసులో తిట్టుకుంటూనే వచ్చాను. జబ్బు పెట్టుకుని మా కళ్లానికి ఎందుకొచ్చింది, వచ్చిన మనిషి దబ్బనం ఎందుకు పట్టుకుంది, పట్టుకున్నది నాకే ఎందుకు గుచ్చింది. ఆవిడ చెప్పకపోతే నాకు తెలిసేదే కాదన్న ఆలోచన మాత్రం రాలేదు. అంత కృతజ్ఞత ఉన్న మనిషినైతే ఈ కథ రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇంటికి వచ్చి వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. మా ఊళ్లో కుక్క కరిస్తే గాయంలో కారం అద్దుతారు. కారం మంటకి విషం చచ్చిపోతుందని నమ్మకం. నేను బీఎస్సీ చదివాను, అది కూడా బాటనీతో, ఫస్టు క్లాసులో. కుక్క కరిచిన వాళ్లకి కారం పెట్టొద్దని, సూది వేయించమని నేనే నలుగురికి చెప్పాను. ఆ సాయంత్రం నా చదువంతా ఏ గంగలో కలిసిందో తెలియదు. పిన్నీసుతో పోటుని ఇంకొంచెం గెలికి, మొన్ననే పట్టించిన కొత్త కారం అందులోకి కుక్కి, పైన గుడ్డ బిగించి కట్టేశాను. నొప్పికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎంత మండితే అంత లోపలి దాకా పోతోందని సంతోషపడ్డాను కూడా.

అవతలి గదిలో పాప ఏడుపు అందుకుంది. ఏడు నెలల పిల్ల. నా అలికిడి వింటే చాలు ఆకలి గుర్తొస్తుంది. గబగబా వెళ్లి ఎత్తుకున్నాను, జాకెట్టు హుక్కు మీద చెయ్యి పెట్టాను, ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పాప నోటితో వెతుక్కుంటోంది. దానికి ఏం చెప్పను? మా అత్త వెంకటేశ్వరమ్మని పిలిచి, ఒంట్లో బాగాలేదు, గేదె పాలు కాచి పట్టమన్నాను.

మర్నాడు పంటి నొప్పి అని చెప్పి ఆరున్నర బస్సెక్కాను. కోటేశ్వరక్క ముందు సీట్లో కూర్చుంది, నన్ను వెనక కూర్చోమంది. చిలకలూరిపేటలో దిగి ఒంగోలు బస్సు మారే దాకా ఎవరో తెలియనట్టే ఉన్నాం. మందులిచ్చే సెంటర్లో ఆవిణ్ణి పేరు పెట్టి పలకరించారు. ఊళ్లో ఎప్పుడూ తల వంచుకుని నడిచే మనిషి అక్కడ నిటారుగా నడవడం చూసి నాకు వింతగా అనిపించింది.

కోటేశ్వరక్క పక్కనే ఉండగా డాక్టరు నా వేలి గుడ్డ విప్పించి చూసి తల పట్టుకుంది. "ఇదేంటమ్మా?" అంది.

"కారమండి" అన్నాను.

"సబ్బుతో కడిగి వదిలేయాల్సింది. ఇప్పుడు ఈ వేలికి ఏమన్నా అయితే అది మీ కారం వల్లే, ఆవిడ నెత్తురు వల్ల కాదు." తరవాత నెమ్మదిగా, రెండు సార్లు చెప్పింది. ఆవిడ మందులు సక్రమంగా వాడుతోంది, గుచ్చుకున్నది ఇంజెక్షను సూది కాదు, గోతం గుచ్చుకుని వచ్చిన దబ్బనం, ప్రమాదం దాదాపు లేనట్టే, అయినా జాగ్రత్త కోసం ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు వాడమంది. ఇప్పుడొక పరీక్ష, ఆరు వారాలకి ఒకటి, మూడు నెలలకి ఒకటి అంది.

"పాపకి పాలు?" అని అడిగాను.

"ఇవ్వండి. మానక్కర్లేదు" అంది డాక్టరు.

నమ్మాను. బస్సెక్కి కూర్చునే దాకా నమ్మాను. సగం దారి దాటాక 'దాదాపు' అన్న మాట ఒక్కటే చెవిలో మిగిలింది. డాక్టరు తన పిల్లయితే ఆ మాట అంటుందా అనుకున్నాను.

ఆ రాత్రి కూడా పాపకి పాలివ్వలేదు. ఆ తరవాతా ఇవ్వలేదు. డబ్బా పాలు తెప్పించాను. అది సీసా నోట్లో పెట్టగానే ఉమ్మేసి నా వైపు తిరిగేది. దాని ఏడుపు వినగానే నాకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది. బాత్‌రూములోకి వెళ్లి గోడకి ఆనుకుని పాలు పిండేసి నీళ్లు కొట్టేదాన్ని. బయట పిల్ల ఆకలితో ఏడుస్తుంటే లోపల తల్లి పాలు తూములో పారబోస్తోంది. నేను ఏడవని పూట లేదు.

మాత్రలకి వాంతులు, తల తిప్పుడు. తుమ్మొస్తే భయం, తుమ్ము రాకపోతే భయం. రోజుకి పది సార్లు అద్దంలో నాలుక చాపి చూసుకునేదాన్ని. నా దువ్వెన, తువ్వాలు, కంచం వేరు పెట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం నన్ను కుట్టిన దోమ పాప మంచం వైపు ఎగిరింది. దోమల వల్ల ఆ జబ్బు రాదని పాఠం చెప్పమంటే చెప్పగలను. కానీ బ్యాటు పుచ్చుకుని ఆ దోమని చంపే దాకా రెండు గంటలు ఆ గదిలో కూర్చున్నాను. పంటి నొప్పికి మందులు కొనే వంకతో గుంటూరు వెళ్లి బ్రాడీపేటలో ఒక ల్యాబులో వేరే పేరు చెప్పి పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదని వచ్చింది. ఇప్పుడే తేలదని నాకు ముందే తెలుసు, అయినా ఆటోలో ఆ కాయితం పది సార్లు చదివాను.

ఈలోగా వేలు వాచింది. కారం తన పని తాను చేసింది. చీము పట్టి గోరు ఊడిపోయింది. మూడో వారానికి నా పాలు ఎండిపోయాయి. అంతవరకూ పిండి పారబోసినదాన్ని, ఆ రోజు పొద్దున చుక్క రాకపోతే నేలమీద కూలబడిపోయాను.

మాత్రల డబ్బా మా అత్తకి దొరికింది. ఆవిడ కొడుక్కి ఇచ్చింది. కొడుకు ఫోనులో పేరు కొట్టి చూశాడు. సాయంత్రం నేను పాపని ఒళ్లో వేసుకుని సీసా పడుతుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చైతన్య మంచివాడే. ఐదేళ్ల కాపురంలో నన్ను ఒక్క మాట తూలనాడలేదు.

"ఈ మందు నీకెందుకు?" అన్నాడు.

వెనక గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది.

"అందుకేనా పిల్లకి పాలు మాన్పించావు? ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నావే ఈ రోగం?" అంది అత్త.

చైతన్య ఆమెని వారించలేదు. నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. నా చుట్టూ ఎవరెవరు మగాళ్లు ఉన్నారో లెక్కపెడుతున్నాడు. దాన్ని నేను తట్టుకోలేకపోయాను.

"కోటేశ్వరక్క దబ్బనం నాకు గుచ్చుకుంది" అన్నాను. "ఆవిడకి ఉంది."

అంతే చెప్పాను. ఆ రెండు ముక్కలతో నేను పతివ్రతనైపోయాను. చైతన్య నా పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడే తనంతట తనుగా చెప్పిందని, ఒంగోలు తీసుకెళ్లిందని కూడా చెప్పాను కానీ అప్పటికే అత్త వీధిలో ఉంది.

మర్నాడు పొద్దున కోటేశ్వరక్క మామూలుగా మా కళ్లానికి వచ్చింది. పది మంది ఆడవాళ్లు తాలు కాయలు ఏరుతున్నారు. అత్త నా మణికట్టు పట్టుకుని చెయ్యి పైకి ఎత్తింది.

"చూడండమ్మా. దీని నెత్తురు చుక్క తగిలినందుకు నా కోడలి వేలు ఎట్టా కుళ్లిందో చూడండి. పిల్ల నోటి కాడ పాలు పోయినాయి. దీన్ని మన కళ్లాల్లోకి రానిస్తే అందరి గతీ ఇంతే."

గోరు లేని వేలు, నల్లబడ్డ తోలు, కింద పచ్చటి చీము. చూసిన వాళ్లు ఒక్కొక్కళ్లే చేటలు వదిలేసి లేచారు. ఎప్పుడూ కోటేశ్వరక్క పక్కనే కూర్చునే మా వీధి సిలార్ వాళ్లమ్మ కూడా లేచింది. ఎవరో ఆవిడ తెచ్చుకున్న మంచినీళ్ల సీసాని కాలితో పక్కకి నెట్టారు.

కోటేశ్వరక్క ఎవరినీ చూడలేదు, నన్నే చూసింది. ఆ వేలిని ఏం చేసుకున్నానో డాక్టరు ముందు విన్న మనిషి ఆవిడ ఒక్కతే. అది నేను పెట్టుకున్న కారం అని చెప్తే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. చెప్తే బాటనీ చదివిన కోడలు వేల్లో కారం కుక్కుకుందని అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. కానీ అప్పుడు పాలెందుకు మాన్పించావంటారు, డాక్టరు వద్దన్నా నువ్వే పిల్ల కడుపు మాడ్చావంటారు. నేను తల దించుకుని మిరపకాయల వంక చూశాను.

ఆవిడ సీసా తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ కుట్టిన టిక్కీలన్నీ అత్త విప్పించి మళ్లీ కుట్టించింది. గోతాలు కూడా మార్పించింది.

కోటేశ్వరక్క కళ్లానికి బదులుకి ఎవరూ పోలేదు. మా ఇంటికే ఆవిడ పది రోజులు పని చేసి ఉంది, మేమూ పోలేదు. కూలి ఎక్కువ ఇస్తానన్నా రాలేదట. ఏప్రిల్లో మబ్బు పట్టి వాన పడ్డ సాయంత్రం మా డాబా మీద నుంచి చూశాను. కళ్లం నిండా కాయలు పరిచి ఉన్నాయి, ఆవిడొక్కతే పట్టా ఈ మూల లాగుతుంటే ఆ మూల గాలికి లేచిపోతోంది. ఆ మూల పట్టుకోవడానికి ఒక్క మనిషి కావాలి. మా ఇంటి నుంచి అక్కడికి నాలుగు నిమిషాల నడక. నేను పాపకి చలి తగులుతుందని కిందికి దిగిపోయాను.

మూడు నెలల పరీక్షకి చైతన్యే ఒంగోలు తీసుకెళ్లాడు. కౌన్సిలరమ్మ కాయితం చేతిలో పెట్టి, "ఏమీ లేదమ్మా. ఇంక భయం వదిలేయండి" అంది. చైతన్య బయటికి వెళ్లి వాళ్లమ్మకి ఫోను చేస్తున్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"కోటేశ్వరక్క వస్తోందాండి?" అని అడిగాను.

"వేరే వాళ్ల సంగతులు మేం చెప్పకూడదండి" అంది ఆవిడ. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేసింది. "మీరు కలిస్తే ఫోను ఎత్తమనండి. అంతకు మించి చెప్పలేను."

రెండు నెలలుగా మందు తీసుకోవడానికి రాలేదని ఎవరూ నాకు విడమర్చి చెప్పక్కర్లేదు. తొమ్మిదేళ్లు ఒక్క పూట తప్పని మనిషి. నా కాయితం ఏమీ లేదని వచ్చింది, ఆవిడ నెత్తురులో ఏం జరుగుతోందో చెప్పే కాయితం ఎవరి దగ్గరా లేదు.

ఇంటికి వస్తే అత్త నాకూ పాపకీ దిష్టి తీసింది. ఎర్రనీళ్లు వీధిలో పారబోయడానికి ఆవిడ వెళ్లగానే నేను పాపని చంకనేసుకుని పెరటి దారిన కోటేశ్వరక్క ఇంటికి వెళ్లాను. ఇంకా ఎండ ఉంది. ఆవిడ అరుగు మీద కూర్చుని వానకి తెల్లబారిన కాయలు ఏరుతోంది. చెంపలు లోపలికి పోయాయి, మెడ ఎముకలు తేలాయి.

"వచ్చిందా కాయితం? ఏమీ లేదుగా?" అంది.

"లేదు."

"నాకు తెలుసు. ఆ రోజే చెప్పా."

"మందులు ఎందుకు మానేశావక్కా?"

"ఎట్టా పోను? ఆరున్నర బస్సెక్కితే పక్క సీటోళ్లు లేచిపోతన్నారు. కండక్టరు చిల్లర చేతిలో పెట్టకుండా సీటు మీద పడేశాడు. అది ఓర్చుకున్నా. ఒంగోలు దాకా పోయి గేటు కాడ నిలబడి వెనక్కి వచ్చా. ఎవరి కోసం మింగాలి అనిపించింది రచనా. ఒట్టి మాట కాదు, నిజంగా ఎవరూ గుర్తు రాలేదు."

ఏడుస్తూనే మాట్లాడాను. రేపు అదే బస్సులో నీ పక్కన కూర్చుంటానన్నాను. వేలు పాడైంది నా కారం వల్లేనని అందరి ముందూ చెప్తానన్నాను. పాలు నేనే మాన్పించానని, డాక్టరు మానమనలేదని అత్తకి చెప్తానన్నాను.

"చెప్పు" అంది ఆవిడ. "ఇప్పుడు కాయితం ఉందిగా నీ చేతిలో."

ఆవిడ చేట పక్కన పెట్టి పాప వంక చూసింది. పాప కూడా ఆవిణ్ణే చూస్తోంది. చాలా రోజుల తరవాత ఆవిడ మొహంలో కొంచెం కళ వచ్చింది. చేతులు చీరకి తుడుచుకుంది.

"పెద్దదయింది. ఇటివ్వు ఒకసారి" అంది.

ఎత్తుకుంటే ఏమీ కాదు. ముద్దు పెట్టుకున్నా ఏమీ కాదు. ఈ ఊరు మొత్తంలో ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా నా చెయ్యి పాప నడుము చుట్టూ బిగిసింది. ఒక్క క్షణం, అంతకన్నా లేదు. ఆవిడ కళ్లు నా చేతి మీదే ఉన్నాయి.

వెంటనే పాపని ముందుకు చాపాను. "తీసుకో అక్కా" అన్నాను.

"వద్దులే. నీ చేతులు వణుకుతున్నాయి. పిల్ల జారుద్ది" అంది కోటేశ్వరక్క.

చేట ఒళ్లోకి లాక్కుని మళ్లీ కాయలు ఏరడం మొదలుపెట్టింది. నేను పాపని అలాగే చాపి పట్టుకుని, చేతులు నొప్పి పుట్టే దాకా అక్కడే నిలబడ్డాను. ఆవిడ తల ఎత్తలేదు.